స్టేడియంలో జాతీయ గీతం పక్కన ఇంకో పాట: ఎవరికి నష్టం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్‌కు ముందు అమెరికా జాతీయ గీతంతో పాటు, నల్లజాతి ప్రజల గీతంగా పేరుపడ్డ ‘లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్’ కూడా పాడిస్తున్నారు. ఒక దేశానికి ఒక గీతం చాలదా? ఆట చూడటానికి వచ్చినవాళ్ళకు అసలు దేశభక్తి పాటలెందుకు? మీ టోర్నమెంట్ కమిటీలోనూ ఇదే గొడవ నడుస్తోంది కాబట్టి మీరేం చేస్తే బాగుంటుంది?

క్రీడా పోటీల ప్రారంభ కార్యక్రమాలు నడిపించడం చాలా ఏళ్ళుగా నా పని. అనౌన్స్‌మెంట్ మైకు, సౌండ్ మిక్సర్, జట్లు వరుసగా వచ్చి నిలబడే ఆ రెండు నిమిషాలు నాకు బాగా తెలుసు. మొత్తం రోజులో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి కూడా అవే. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండో పాట వల్ల మొదటి పాట గౌరవం తగ్గదు. నిలబడి తీరాలని జనం మెడలు వంచితే తగ్గుతుంది. పాటను ప్రచారానికి వాడుకుంటే తగ్గుతుంది.

‘ఇది ఎప్పటినుంచో వస్తున్న సంప్రదాయం’ అనే మాట ఈ చర్చలో తరచూ వినిపిస్తుంది. ఆ సంప్రదాయం ఎలా మొదలైందో చూస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. 1905 డిసెంబర్ 16న వేల్స్‌తో ఆడటానికి న్యూజిలాండ్ రగ్బీ జట్టు కార్డిఫ్ వచ్చింది. ఆటకు ముందు వాళ్ళు హాకా అనే తమ మావోరీ నృత్యం చేశారు. దానికి జవాబుగా వేల్స్ ఆటగాడు టెడ్డీ మోర్గాన్ ‘హెన్ వ్లాడ్ వ నహాదై’ అనే తమ వెల్ష్ పాట ఎత్తుకున్నాడు. జట్టు అందుకుంది, ఆ వెంటనే స్టాండ్లన్నీ అందుకున్నాయి. వేల్స్ ఆ మ్యాచ్ 3-0తో గెలిచింది. ఆట మొదలయ్యే ముందు జాతీయ గీతం పాడే అలవాటుకు అదే నాంది అని చెబుతారు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, బ్రిటన్ రాజ్యానికి అప్పటికే వేరే గీతం ఉంది. వెల్ష్ పాటకు చట్టం ఇచ్చిన హోదా ఏదీ లేదు, ఈ రోజుకీ లేదు. ఒక రాజ్యంలో భాగంగా ఉన్న ఒక జాతి, తన సొంత భాషలో, ఎవరూ చెప్పకుండా పాడుకున్న పాట అది. ఇప్పుడు మనం ‘రెండో పాట’ అని అభ్యంతరం చెబుతున్నామే, ఈ ఆచారం మొదలైంది అలాంటి పాటతోనే.

అమెరికా కథ ఇంకోలా ఉంటుంది. 1918 సెప్టెంబర్ 5, షికాగో, బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది. ముందు రోజే ఆ నగరంలోని ఫెడరల్ భవనంలో బాంబు పేలి నలుగురు చనిపోయారు. స్టేడియంలో జనమూ తక్కువే, ఉత్సాహమూ తక్కువే. ఏడో ఇన్నింగ్స్ విరామంలో బ్యాండు ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ వాయించడం మొదలుపెట్టింది. నేవీ నుంచి సెలవు మీద వచ్చి ఆడుతున్న బోస్టన్ ఆటగాడు ఫ్రెడ్ థామస్ జెండా వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. అది చూసి మిగతా ఆటగాళ్ళు నిటారుగా నిలబడ్డారు, జనం గొంతు కలిపారు, పాట అయ్యాక చప్పట్లు మారుమోగాయి. సిరీస్ బోస్టన్‌కు వెళ్ళాక అక్కడి నిర్వాహకులు ఆట మొదలవడానికి ముందే వాయించారు. ఆ పాట అంతకు ముందు కూడా మైదానాల్లో అక్కడక్కడ వినిపించేది, కానీ దేశం దృష్టిని లాగింది మాత్రం ఆ మధ్యాహ్నమే. అప్పటికి అది అధికారిక జాతీయ గీతం కూడా కాదు. 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ సంతకం పెట్టాక అయింది.

ప్రతి మ్యాచ్‌కూ వాయించడం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్థిరపడింది. అంతకు ముందు బ్యాండును పిలిపించాలి, డబ్బివ్వాలి. స్టేడియాల్లో లౌడ్‌స్పీకర్లు వచ్చాక రికార్డు పెడితే సరిపోయింది. యుద్ధం ముగిశాక ఆపేయడానికి ఎవరికీ మనసు రాలేదు. కానీ దాని చుట్టూ ఇప్పుడు కనిపించే హంగు అంతా పాతది కాదు. టీవీ ప్రసార సమయాల వల్ల 2009 వరకు ఎన్‌ఎఫ్‌ఎల్ రాత్రి మ్యాచ్‌లలో చాలాసార్లు ఆటగాళ్ళు గీతం వినిపించేటప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండేవాళ్ళు. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు.

ఇక మీరు అడిగిన రెండో పాట. జేమ్స్ వెల్డన్ జాన్సన్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో నల్లజాతి పిల్లలు చదివే స్టాంటన్ స్కూలుకు ప్రిన్సిపాల్. లింకన్ జయంతి కోసం ఆయన పాట రాస్తే తమ్ముడు రోజమండ్ బాణీ కట్టాడు. 1900 ఫిబ్రవరి 12న 500 మంది పిల్లలు కలిసి పాడారు. అన్నదమ్ములిద్దరూ తర్వాత న్యూయార్క్ వెళ్ళిపోయారు, పాట సంగతి వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. పిల్లలు మాత్రం మర్చిపోలేదు. పెద్దయ్యాక వేరే ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు అక్కడా పాడారు, టీచర్లయినవాళ్ళు తమ విద్యార్థులకు నేర్పారు. బళ్ళలో, చర్చిల్లో తరం నుంచి తరానికి అలా పాకింది. 1919లో నల్లజాతి ప్రజల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ సంస్థ దాన్ని తమ గీతంగా స్వీకరించింది. అంటే ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’కు చట్టపరమైన హోదా రావడానికి పన్నెండేళ్ళ ముందే ఈ పాటకు ఆ స్థానం దక్కింది. నిన్న మొన్న ఎవరో పోటీకి తయారు చేసిన పాట అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి చదవాలి. పాటలో ఎవరి మీదా ద్వేషం లేదు. నడిచొచ్చిన కష్టమైన దారి గురించి చెప్పి, దేవుడికీ పుట్టిన నేలకూ కట్టుబడి ఉంటామన్న ప్రార్థనతో ముగుస్తుంది.

ఇంకో సంగతి. సూపర్ బౌల్‌లో ‘అమెరికా ద బ్యూటిఫుల్’ కూడా పాడతారు. ఏళ్ళ తరబడి పాడుతున్నారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత బేస్‌బాల్ మైదానాల్లో ఏడో ఇన్నింగ్స్‌లో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ వచ్చి చేరింది. అవి వినిపించినప్పుడు ఒకే దేశం ఒకే గీతం అన్న సూత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పాటలకు రాని అభ్యంతరం ‘లిఫ్ట్ ఎవ్రీ వాయిస్’కే ఎందుకొస్తోంది అని ఎవరికి వాళ్ళు నిజాయితీగా ఆలోచించుకోవాలి. ఇది ఎత్తిపొడుపు మాట కాదు, మీ కమిటీలో కూడా ఈ ప్రశ్న అడగండి.

అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ చేసిన పద్ధతి మీద నాకు ఫిర్యాదు ఉంది. 2016లో ఆ లీగ్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ పోలీసుల చేతుల్లో నల్లజాతివాళ్ళు చనిపోవడానికి నిరసనగా గీతం సమయంలో ముందు కూర్చుండిపోయాడు. తర్వాత, సైన్యంలో పనిచేసిన ఆటగాడు నేట్ బోయర్‌తో మాట్లాడి, కూర్చోవడం కన్నా మోకాలి మీద నిలవడం గౌరవంగా ఉంటుందని అలా మార్చుకున్నాడు. ఆ సీజన్ తర్వాత అతణ్ణి ఏ జట్టూ తీసుకోలేదు. 2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి పోలీసు చేతిలో చనిపోయాక దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో సీజన్ మొదటి వారం మ్యాచ్‌లకు ముందు లీగ్ ఈ పాట పెట్టింది. 2021 నుంచి సూపర్ బౌల్‌కూ వచ్చింది. 2023లో అరిజోనాలో షెరిల్ లీ రాల్ఫ్ స్టేడియంలోనే నిలబడి పాడింది. కేపర్నిక్ అడిగింది పాట కాదు. మనిషికి అవకాశం ఇవ్వకుండా అతని జాతి పాటను మైకులో పెట్టడం సులువైన పని. లీగ్ ఆ సులువైన పని చేసింది. కానీ ఆ తప్పును పాట మీద రుద్దకూడదు. పాట వినిపించిన ఆ రెండు నిమిషాలు ఆ స్టేడియంలో మొదటిసారి తమ ఇంటి పాట విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. 2015లో సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక బయటపెట్టారు. అమెరికా రక్షణ శాఖ మార్కెటింగ్ ఒప్పందాల కింద క్రీడా జట్లకు డబ్బులిచ్చిందనీ, మైదానంలో భారీ జెండాలు పరచడం, సైనికులను పిలిచి సత్కరించడం, కొన్నిచోట్ల గీతాలాపన వంటివి కూడా ఆ ఒప్పందాల్లో ఉన్నాయనీ తేల్చారు. అలాంటి ఒప్పందాల మొత్తం 68 లక్షల డాలర్లు. మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ 7,23,734 డాలర్లు వెనక్కి ఇస్తామని చెప్పింది. మెకెయిన్ వియత్నాంలో యుద్ధ ఖైదీగా ఉండి వచ్చినవాడు. సైనికుడి మీద గౌరవాన్ని ప్రకటనలా కొనడం, అమ్మడం ఆయనకు బాధ కలిగించింది. నాకూ కలిగించింది. ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టిన సన్నివేశానికి వెనక రసీదు ఉందంటే, ఆ జెండాకు అంత అవమానం ఏ ఆటగాడి మోకాలి వల్లా జరగలేదు.

డాలస్ మావెరిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు ఉదంతం కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 2020-21 సీజన్‌లో అప్పటి యజమాని మార్క్ క్యూబన్ సొంత మైదానంలో గీతం వినిపించడం ఆపేశాడు. ఎక్కడా ప్రకటించలేదు. పదమూడు మ్యాచ్‌లు అయిపోయేదాకా విషయం బయటికి రాలేదు. కరోనా వల్ల స్టాండ్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి, నిజమే. కానీ ఆటగాళ్ళున్నారు, రెఫరీలున్నారు, టీవీ వాళ్ళున్నారు. ఫిబ్రవరిలో వార్త రాగానే దుమారం లేచింది, అన్ని జట్లూ గీతం వినిపించాల్సిందేనని బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆదేశించింది, అదే ఏడాది టెక్సస్ రాష్ట్రం ప్రభుత్వ డబ్బు తీసుకునే జట్లు గీతం వాయించి తీరాలని చట్టం చేసింది. వినిపించకపోయినా చాలారోజులు ఎవరూ గమనించని పాట, విషయం బయటపడగానే చట్టం చేయాల్సినంత పెద్దదైపోయింది. రోజూ వాయిస్తే ఏ పాటైనా అలాగే అవుతుంది. చెవిన పడుతుంది, లోపలికి వెళ్ళదు.

బలవంతం గురించి కోర్టులు చాలా ముందే చెప్పాయి. 1943లో, యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు, స్కూలు పిల్లల చేత జెండాకు బలవంతంగా వందనం చేయించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు బార్నెట్ కేసులో తీర్పు చెప్పింది. భారతదేశంలో 1986లో కేరళ పిల్లల కేసు వచ్చింది. జనగణమన పాడేటప్పుడు వాళ్ళు మర్యాదగా లేచి నిలబడ్డారు, కానీ తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. స్కూలు నుంచి తీసేశారు. వాళ్ళను వెనక్కి తీసుకోవాలని జస్టిస్ చిన్నపరెడ్డి తీర్పు రాశారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయి, దాన్ని పలచబరచవద్దు అన్నది ఆ తీర్పు సారం. ప్రభుత్వాలకు చెప్పిన ఈ నియమం ప్రైవేటు లీగులకు వర్తించదు. 1996లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మహమూద్ అబ్దుల్ రవూఫ్ గీతానికి నిలబడటానికి నిరాకరిస్తే ఎన్‌బీఏ సస్పెండ్ చేసింది. ఒక్క మ్యాచ్ తర్వాత, నిలబడి తల వంచి ప్రార్థన చేసుకుంటానని ఒప్పందానికి వచ్చాడు. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి అది సరైన పనని నేను అనను. ప్రేక్షకుడి విషయంలోనూ అంతే. 2008లో న్యూయార్క్‌లో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ వినిపిస్తుండగా బాత్రూమ్‌కు వెళ్ళబోయిన ఒక ప్రేక్షకుణ్ణి పోలీసులు బయటికి పంపేశారు. ఆయన దావా వేశాడు, నగరం పరిహారం ఇచ్చి రాజీ చేసుకుంది.

బలవంతపు మౌనం ఎక్కువ రోజులు నిలవదు కూడా. ప్రభుత్వం మీద ఉన్న కోపమంతా చివరికి పాట మీద పడుతుంది. 2001లో పారిస్‌లో ఫ్రాన్స్, అల్జీరియా మ్యాచ్‌కు ముందు ఫ్రెంచి గీతాన్ని ఈలలతో ముంచేశారు. స్పెయిన్‌లో బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో కప్ ఫైనల్‌కు వచ్చినప్పుడు పదేపదే అదే జరిగింది. 2009లో అక్కడి ప్రభుత్వ టీవీ ఆ ఈలలు ఇళ్ళకు వినపడకుండా చేసింది, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికాతో సుంకాల గొడవ రేగిన 2025 ఫిబ్రవరిలో, మాంట్రియల్‌లో రెండు దేశాల ఐస్ హాకీ మ్యాచ్‌కు ముందు కెనడా ప్రేక్షకులు అమెరికా గీతాన్ని గేలి చేశారు. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు అయ్యాయి. ఇలాంటి సమయంలో మాలాంటి వాళ్ళను వాల్యూమ్ పెంచమంటారు. నేను పెంచను. జనం గొంతును స్పీకరుతో నొక్కేస్తే కోపం రెట్టింపవుతుంది, పాట సగంలో ఉండగా అరుపులు ఇంకా పెరుగుతాయి.

రెండు పాటలు, రెండు భాషలు బాగా కుదిరిన చోట్లు కూడా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది న్యూజిలాండ్ సంగతి. 1999 రగ్బీ ప్రపంచ కప్పులో ఇంగ్లండ్‌తో ట్వికెన్‌హామ్‌లో మ్యాచ్. గాయని హినెవేహి మోహి జాతీయ గీతాన్ని మావోరీ భాషలో మాత్రమే పాడింది. ఇంగ్లిష్ చరణం పాడలేదు. సొంత దేశంలో పెద్ద గొడవైంది, దేశాన్ని అవమానించిందన్నారు. ఆ గొడవే చర్చకు దారి తీసింది. కొద్దికాలానికే ముందు మావోరీ, తర్వాత ఇంగ్లిష్ పాడటం మామూలైపోయింది. ఇప్పుడు ఏ మ్యాచ్ చూసినా మావోరీ మూలాలు లేని ఆటగాళ్ళు కూడా మొదటి చరణాన్ని గొంతెత్తి పాడటం కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా ఇంకా ముందుకు వెళ్ళింది. వర్ణవివక్ష ప్రభుత్వపు గీతాన్నీ, దానికి వ్యతిరేకంగా పోరాడినవాళ్ళు పాడుకున్న ఎనోక్ సొంటోంగా గీతాన్నీ కొన్నేళ్ళు పక్కపక్కన వాయించి, 1997లో రెండిటినీ కలిపి ఐదు భాషల్లో ఒక్క గీతం చేసింది. ఐర్లండ్ రగ్బీ జట్టులో ఐర్లండ్ దేశం, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్, ఇలా రెండు రాజ్యాల ఆటగాళ్ళుంటారు కాబట్టి 1995లో వాళ్ళ కోసమే ఒక పాట రాయించారు. అది సంగీతపరంగా గొప్ప పాటేమీ కాదు, ఇష్టపడనివాళ్ళూ ఉన్నారు, కానీ ఆ జట్టు భుజం భుజం కలిపి నిలబడటానికి పనికొస్తోంది.

వ్యతిరేకంగా జరిగిన ఉదాహరణ ఇంగ్లండ్‌ది. బానిసత్వపు బాధలోంచి పుట్టిన ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ను 1980ల చివరి నుంచి అక్కడి రగ్బీ అభిమానులు హుషారు పాటగా వాడుకుంటున్నారు. 2020లో రగ్బీ సంఘం దీన్ని సమీక్షకు పెట్టింది, చివరికి నిషేధించలేదు. నిషేధించకపోవడం మంచిదే. కానీ ఎవరి పాటో, ఎందుకు పుట్టిందో తెలుసుకోకుండా పాడటం నాకు నచ్చదు. మీరు ఏ సాంస్కృతిక గీతం పెట్టినా ముందు ఒక్క వాక్యంలో దాని సంగతి చెప్పించండి. చాలా తేడా వస్తుంది.

ఇప్పుడు మీ టోర్నమెంట్. ప్రతి మ్యాచ్‌కూ గీతం వద్దు. ప్రారంభం రోజున ఒకసారి, ఫైనల్‌కు ఒకసారి చాలు. దేశాల జట్లు ఆడుతుంటే మాత్రం ప్రతి మ్యాచ్‌కూ ఉండాల్సిందే, అక్కడ ఆటగాడు నిజంగా దేశం తరఫున నిలబడుతున్నాడు. రెండో పాట ఉంటే జాతీయ గీతానికి ఆనించి వెంటనే పెట్టకండి, జనం రెండిటినీ పోల్చడం మొదలుపెడతారు. జట్లు మైదానంలోకి రాకముందే ఆ పాట పాడించండి, తర్వాత కాస్త విరామం ఇచ్చి, ఆట మొదలయ్యే ముందు జాతీయ గీతం. వీలైతే పేరున్న గాయకుల కన్నా పిల్లల బృందాన్ని పెట్టండి. ఒక్క గాయకుడు రాగాలు తీస్తుంటే జనం వింటారు. పదిమంది పిల్లలు మామూలు బాణీలో పాడితే జనం కలుస్తారు.

మైకులో ‘అందరూ లేచి నిలబడాలి’ అని ఆజ్ఞాపించవద్దు. ‘ఇప్పుడు జాతీయ గీతం, అందరూ గొంతు కలపండి’ అంటే సరిపోతుంది. ఎవరైనా కూర్చుంటే, మోకాలి మీద ఉంటే, మౌనంగా ఉంటే వాళ్ళ జోలికి వెళ్ళవద్దని వాలంటీర్లకు ముందే చెప్పండి. కెమెరా వాళ్ళ ముఖం మీదకు తిప్పవద్దని కూడా చెప్పండి. పాటను అడ్డుకుంటే వేరే సంగతి. నిశ్శబ్దంగా ఉన్నవాడు ఎవర్నీ అడ్డుకోవడం లేదు.

సౌండ్ విషయంలో ఒక జాగ్రత్త. పెద్ద మైదానంలో దూరపు స్పీకరు నుంచి వచ్చే మాట పాడేవాళ్ళ చెవికి అర సెకను ఆలస్యంగా చేరుతుంది. 170 మీటర్లకు సుమారుగా అంత. తమ గొంతే వెనక నుంచి వచ్చి తగులుతుంటే పిల్లలు తాళం తప్పుతారు. పక్కనే చిన్న మానిటర్ స్పీకరు పెట్టండి, ఒక రోజు ముందు అదే చోట నిలబెట్టి పాడించి చూడండి. విదేశీ జట్లు ఉంటే రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరికినవి దించుకుని వాడకండి. 2016 కోపా అమెరికా ఫుట్‌బాల్ పోటీలో ఉరుగ్వే ఆటగాళ్ళు వరుసలో నిలబడి ఉండగా చిలీ గీతం మోగింది, నిర్వాహకులు క్షమాపణ చెప్పుకున్నారు. ఫైలు ప్రతి జట్టు మేనేజర్ దగ్గరే తీసుకోండి, మ్యాచ్‌కు ముందు రోజు మొదటి నుంచి చివరిదాకా వినిపించండి, ఇదే మా గీతమని కాగితం మీద వాళ్ళ సంతకం తీసుకున్నాకే సౌండ్ టేబుల్‌కు పంపండి.